అండాశయ క్యాన్సర్ తర్వాత మరో క్యాన్సర్: ముప్పు ఎవరికి, ఎంత, ఎప్పుడు

అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయిపోయి అయిదారేళ్లు గడిచాక రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, మలంలో రక్తం కనబడినా ఇంట్లో అందరి నోటా వచ్చే మాట ఒకటే: ‘మళ్లీ వచ్చింది’. ఆ భయంలో అర్థం ఉంది. మూడో దశలో బయటపడిన అండాశయ క్యాన్సర్ నూటికి 70 మందికి పైగా తిరగబెడుతుంది. అయితే తిరగబెట్టేది చాలావరకు పొట్టలోనే, మొదటి రెండు మూడేళ్లలోనే. రొమ్ములోకి పాకడం చాలా అరుదు. అందుకే అయిదేళ్ల తర్వాత రొమ్ములో కనబడిన గడ్డ పాత జబ్బు తునక కాకుండా, దానితో సంబంధం లేని కొత్త క్యాన్సర్ అయ్యే అవకాశమే ఎక్కువ. రెండింటికీ మందులు వేరు, ఆపరేషన్ వేరు, నయమయ్యే అవకాశాలూ వేరు. తొలిదశలో దొరికిన కొత్త రొమ్ము క్యాన్సర్ పూర్తిగా నయం కావచ్చు. దాన్ని ‘పాకింది’ అని రాసేసి పాత కీమోనే మళ్లీ మొదలుపెడితే ఆ అవకాశం చేజారుతుంది.

కాబట్టి ఏ కొత్త గడ్డకైనా మొదట కావాల్సింది సూది బయాప్సీ. స్కాన్ చూసి ఊహించడం చాలదు.

ముక్క ఎక్కడిదో తేల్చే పరీక్ష

బయాప్సీ ముక్కను మైక్రోస్కోపు కింద చూసినంత మాత్రాన అది ఏ అవయవంలో పుట్టిందో అన్నిసార్లూ తెలియదు. అందుకే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే రంగు పరీక్ష చేస్తారు. ల్యాబ్ వాళ్లు క్లుప్తంగా ‘ఐహెచ్‌సీ’ అంటారు. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే హై గ్రేడ్ సీరస్ రకంలో పాక్స్8, డబ్ల్యూటీ1 అనే ప్రొటీన్లు రంగు తేలతాయి. రొమ్ము క్యాన్సర్‌లో సాధారణంగా పాక్స్8 కనిపించదు, గాటా3 కనిపిస్తుంది. పెద్దపేగుదైతే సీకే20, సీడీఎక్స్2, శాట్‌బీ2 పాజిటివ్‌గా వస్తాయి, సీకే7 చాలావరకు నెగటివ్.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఈస్ట్రోజన్ రిసెప్టార్ (ఆ హార్మోన్ అంటుకునే ప్రొటీన్) పాజిటివ్ అని రాగానే రొమ్ము క్యాన్సరేనని అనుకుంటారు. సీరస్ అండాశయ క్యాన్సర్లలోనూ ఎక్కువ శాతం ఈస్ట్రోజన్ రిసెప్టార్ పాజిటివే. ఆ ఒక్కదానితో రెండింటినీ విడదీయలేం. బయాప్సీ పంపే కాగితం మీద ‘పాత అండాశయ క్యాన్సర్’ అని రాయకపోతే పాథాలజిస్టు పాక్స్8 రంగు వేయకుండానే రిపోర్టు ఇచ్చేయవచ్చు. ఆ ఒక్క మాట రాయించుకోవడం పేషెంటు వెంట ఉన్నవాళ్ల పని. పాత ఆపరేషన్ తాలూకు స్లైడ్లు, మైనం బ్లాకులు తెచ్చి ఇస్తే కొత్త ముక్కను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఆస్పత్రులు బ్లాకులను కలకాలం దాచవు. అడిగితే చాలాచోట్ల సంతకం తీసుకుని ఇస్తారు.

దీనికి తలకిందుల సందర్భమూ ఉంది. అండాశయంలో గడ్డ అని ఆపరేషన్ చేస్తారు, ఏడాది తిరక్కుండా కడుపులోనో పేగులోనో ‘రెండో క్యాన్సర్’ బయటపడుతుంది. నిజానికి అదే మొదటిది. కడుపు, పెద్దపేగు, ఉండుకం, రొమ్ముల్లో పుట్టిన క్యాన్సర్లు అండాశయాలకు పాకుతాయి, వీటిలో కడుపు నుంచి వచ్చిన వాటిని క్రూకెన్‌బర్గ్ గడ్డలంటారు. మ్యూసినస్ (జిగురు తయారుచేసే) రకం గడ్డ రెండు అండాశయాల్లోనూ ఉండి, సైజు చిన్నదైతే ముందు ఈ అనుమానమే రావాలి. రక్తంలో సీఏ-125 (అండాశయ క్యాన్సర్‌లో పెరిగే ప్రొటీన్) విలువను సీఈఏ (ఎక్కువగా పేగు క్యాన్సర్లలో పెరిగే ప్రొటీన్) విలువతో భాగిస్తే 25 కంటే తక్కువ వచ్చినప్పుడు ఎండోస్కోపీ, కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో కడుపు, పెద్దపేగు లోపల చూసే పరీక్షలు) చేయించకుండా ఆపరేషన్‌కు వెళ్లడం తొందరపాటే.

గర్భసంచి లోపలి పొరలోనూ, అండాశయంలోనూ ఒకేసారి క్యాన్సర్ కనబడటం మరో చిక్కు. ముఖ్యంగా ఎండోమెట్రియాయిడ్ రకంలో ఇలా జరుగుతుంది. ఇవి రెండు వేర్వేరు క్యాన్సర్లని చాలాకాలం భావించారు. 2016లో వెలువడిన జన్యు పరిశోధనలు వీటిలో ఎక్కువ భాగం ఒకే మూలకణం నుంచి పుట్టినవేనని చూపించాయి. అయినా రెండూ తొలిదశలో ఉంటే ఫలితాలు బాగానే ఉంటాయి కనుక, రిపోర్టులో రెండు పేర్లు చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు.

అంకెను ఎలా చదవాలి

ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించే అధ్యయనం 1996లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో లోయిస్ ట్రావిస్ బృందం ప్రచురించింది. అండాశయ క్యాన్సర్ వచ్చిన 32,251 మందిని క్యాన్సర్ రిజిస్ట్రీల (కేసులు నమోదు చేసే జాబితాల) ద్వారా గమనించారు. అదే వయసు స్త్రీలలో మామూలుగా 1014 కొత్త క్యాన్సర్లు రావాల్సి ఉండగా 1296 వచ్చాయి. అంటే 28 శాతం ఎక్కువ. లుకేమియా, పెద్దపేగు, మలాశయం, రొమ్ము, మూత్రాశయ క్యాన్సర్లు, కంట్లో వచ్చే మెలనోమా ఎక్కువగా కనిపించాయి. 20 ఏళ్లు బతికినవాళ్లలో రెండో క్యాన్సర్ ముప్పు 18.2 శాతానికి చేరింది, మామూలు జనాభాలో అది 11.5 శాతం.

‘28 శాతం’ వింటే పెద్దగా అనిపిస్తుంది. అదే లెక్కను తిప్పి చూస్తే 32 వేల మందిలో అదనంగా వచ్చినవి 282, నూటికి ఒకటి కంటే తక్కువ. పైగా ఆ స్త్రీలలో చాలామందికి చికిత్స జరిగింది 1990కి ముందు. అప్పటి మందులు మెల్ఫలాన్, క్లోరాంబుసిల్, సైక్లోఫాస్ఫమైడ్. పొట్ట మొత్తానికి రేడియేషన్ ఇచ్చిన రోజులవి. ఇప్పుడు కార్బోప్లాటిన్, ప్యాక్లిటాక్సెల్ తీసుకున్న పేషెంటుకు ఆ అంకెలను యథాతథంగా అంటగట్టకూడదు.

సగటు అంకెకు ఇంకో లోపముంది. ముప్పు అందరికీ సమానంగా పంచి ఉండదు. కొందరికి దాదాపు లేనట్టే, కొందరికి చాలా ఎక్కువ. ఎవరు ఏ వైపు ఉన్నారో చెప్పేవి మూడు: పుట్టుకతో వచ్చిన జన్యువులు, ఒంట్లోకి ఎక్కిన మందుల మొత్తం, పొగాకు. వీటిలో మొదటిదే అన్నిటికంటే బరువైనది, మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే.

జన్యువులు: అసలు ముప్పంతా ఇక్కడే

హై గ్రేడ్ సీరస్ అండాశయ క్యాన్సర్ ఉన్నవాళ్లలో పాశ్చాత్య దేశాల్లో సుమారు 15 శాతం మందికి డీఎన్‌ఏ దెబ్బలను బాగుచేసే బ్రాకా1 లేదా బ్రాకా2 జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. భారతదేశంలో జరిగిన అధ్యయనాల్లో ఈ వాటా 20 నుంచి 25 శాతం వరకు కనిపించింది. కుటుంబంలో ఎవరికీ క్యాన్సర్ లేకపోయినా ఈ లోపం ఉండవచ్చు. తండ్రి వైపు నుంచి వచ్చి ఉంటే, ఆ వైపు ఆడవాళ్లు తక్కువగా ఉంటే, చరిత్ర కనబడదు. అందుకే కుటుంబ చరిత్ర అడిగి, లేదంటే పరీక్ష మానేయడం సరైన పద్ధతి కాదు. ఎపితీలియల్ (పై పొర కణాల) అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి స్త్రీకీ, వయసుతో నిమిత్తం లేకుండా, జన్యు పరీక్ష చేయాలన్నదే ఇప్పటి ప్రామాణిక సలహా.

2017లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బ్రాకా1 లోపమున్న స్త్రీకి 72 శాతం, బ్రాకా2 అయితే 69 శాతం. ఈ అంకె చూడగానే ‘అయితే రొమ్ములు తీయించేద్దాం’ అనే ఆలోచన వస్తుంది. కానీ ఇది ఇంకా ఏ క్యాన్సరూ రాని స్త్రీల అంకె. అండాశయ క్యాన్సర్ వచ్చి చికిత్స పొందినవాళ్లది వేరే లెక్క. నెదర్లాండ్స్ నుంచి 2013లో వచ్చిన అధ్యయనంలో, బ్రాకా లోపంతో అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఆ తర్వాతి పదేళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 11 శాతం. అదే లోపం ఉండి క్యాన్సర్ రాని వాళ్లకు అది 28 శాతం. తేడాకు కారణాలు ఊహించదగ్గవే. అండాశయాలు తీసేయడంతో హార్మోన్లు పడిపోతాయి. ప్లాటినం మందు (కార్బోప్లాటిన్, సిస్‌ప్లాటిన్ వంటివి), కంటికి కనబడని రొమ్ము క్యాన్సర్ కణాలనూ చంపుతుంది, బ్రాకా లోపమున్న కణాలు ఆ మందుకు త్వరగా లొంగుతాయి కూడా. ఇక కొందరు ఆ పదేళ్లు బతకకపోవడం మూడో కారణం.

అందువల్ల మూడో దశ అండాశయ క్యాన్సర్‌కు కీమో ముగించిన ఆర్నెల్లకే రెండు రొమ్ములూ తీయించుకోవడం తొందరపాటు. ఆ సమయంలో ప్రాణానికి ఎక్కువ ముప్పు తెచ్చేది అండాశయ క్యాన్సర్ తిరగబెట్టడమే. మొదటి దశలో దొరికినవాళ్లు, లేదా ముదిరిన జబ్బు నుంచి బయటపడి అయిదేళ్ల దాకా తిరగబెట్టకుండా నెట్టుకొచ్చినవాళ్లు ఆ ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు. అప్పటిదాకా ఏడాదికోసారి మామోగ్రామ్, ఏడాదికోసారి కాంట్రాస్ట్ ఇచ్చి రొమ్ము ఎంఆర్‌ఐ సరిపోతాయి. రెండూ ఒకే రోజు చేయించే బదులు ఆర్నెల్ల తేడాతో చేయిస్తే ఏడాదంతా నిఘా ఉన్నట్టవుతుంది. బ్రాకా1లో వచ్చే రొమ్ము క్యాన్సర్లు చాలావరకు ట్రిపుల్ నెగటివ్ (ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్2 రిసెప్టార్లు మూడూ లేని) రకం, వేగంగా పెరుగుతాయి. ఏడాదికి ఒక్క మామోగ్రామ్‌తో సరిపెట్టుకుంటే మధ్యలో వచ్చిన గడ్డ తప్పించుకుపోతుంది.

బ్రాకా2లో క్లోమగ్రంథి క్యాన్సర్ ముప్పు కూడా కొంత పెరుగుతుంది. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా ఆ క్యాన్సర్ వచ్చి ఉంటే 50 ఏళ్ల నుంచి, లేదా బంధువుకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు నుంచి, ఏటా ఎంఆర్‌ఐ లేదా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించడం గురించి అడగాలి.

బ్రాకా తర్వాత చెప్పుకోవాల్సింది లించ్ సిండ్రోమ్. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే డీఎన్‌ఏ మరమ్మతు జన్యువుల్లో లోపం ఇది. ఇందులో వచ్చే అండాశయ క్యాన్సర్ సాధారణంగా ఎండోమెట్రియాయిడ్ లేదా క్లియర్ సెల్ రకం, అదీ చిన్న వయసులో. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపాల్లో జీవితకాలంలో పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం 40 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. పెద్దపేగుతో పాటు గర్భసంచి, చిన్నపేగు, మూత్రపిండం నుంచి కిందికి వెళ్లే నాళం కూడా ఈ జాబితాలోవే. ట్రావిస్ అధ్యయనంలో పెద్దపేగు క్యాన్సర్లు ఎక్కువగా కనబడటంలో ఈ జన్యువుల పాత్ర కొంత ఉండి తీరాలి, ఆ స్త్రీలలో చాలామందికి జబ్బు బయటపడేనాటికి వాటిని పరీక్షించే వీలు లేదు.

లించ్‌ను పట్టుకోవడానికి మొదట ఖరీదైన జన్యు పరీక్ష అక్కర్లేదు. తీసిన గడ్డ ముక్క మీదే నాలుగు ప్రొటీన్లకు ఐహెచ్‌సీ చేస్తే చాలు, ఏదైనా ఒకటి మాయమైతే అప్పుడు రక్తంతో జన్యు పరీక్ష. లించ్ అని తేలితే ప్రతి ఏడాదీ లేదా రెండేళ్లకోసారి కొలనోస్కోపీ తప్పదు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 ఉన్నవాళ్లకు ఇది 20–25 ఏళ్లకే మొదలవుతుంది. ఆస్పిరిన్ రోజుకు 600 మిల్లీగ్రాముల చొప్పున సుమారు రెండేళ్లు ఇచ్చి చూసిన క్యాప్2 ప్రయోగంలో, 10 నుంచి 20 ఏళ్ల తర్వాత లెక్కిస్తే, పెద్దపేగు క్యాన్సర్ ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో 9 శాతం మందికి, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 13 శాతం మందికి వచ్చింది. కడుపులో పుండు, రక్తస్రావం చరిత్ర ఉన్నవాళ్లు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

అండాశయ ఆపరేషన్ అయినవాళ్లకు కొలనోస్కోపీ కొంచెం కష్టంగానే ఉంటుంది. పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, గొట్టం మలుపు తిరగదు, నొప్పి ఎక్కువ, సగంలో ఆపేయాల్సి వస్తుంది. ముందే ఆపరేషన్ సంగతి చెబితే మత్తు ఇచ్చి, సన్నటి గొట్టంతో చేస్తారు. ఐరన్ మాత్రలు పరీక్షకు అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే మలం నల్లగా పేగు గోడకు అంటుకుని ఏమీ కనబడదు. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామకాయలు, టమాటా, నువ్వులు, రాగి జావ వద్దు. తెల్లన్నం, మజ్జిగ, ఇడ్లీ చాలు. పేగు శుభ్రం చేసే పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి తాగమంటారు. ఒక లీటరు తాగి ‘విరేచనాలు అయిపోయాయి కదా’ అని ఆపేసేవాళ్లే ఎక్కువ. అలా ఆపితే పెద్దపేగు కుడివైపు మురికి మిగిలిపోతుంది. లించ్‌లో పాలిప్‌లు (పేగు గోడ మీది చిన్న బుడిపెలు) ఎక్కువగా పుట్టేది సరిగ్గా ఆ వైపే.

జన్యు పరీక్ష రిపోర్టు చదవడంలో రెండు ఉచ్చులున్నాయి. ‘వీయూఎస్’ అని వస్తే అర్థం తెలియని మార్పు అని. దాన్ని ఆధారం చేసుకుని ఏ ఆపరేషనూ చేయించుకోకూడదు, వాటిలో ఎక్కువ భాగం తర్వాత హానిలేనివిగా తేలతాయి. రెండోది ఇంకా సూక్ష్మమైనది. కీమో లేదా పార్ప్ మందులు (డీఎన్‌ఏ మరమ్మతును అడ్డుకునే మాత్రలు) వాడిన తర్వాత రక్తంతో పరీక్ష చేస్తే, క్యాన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువులో లోపం కనబడవచ్చు. అది పుట్టుకతో వచ్చింది కాకపోవచ్చు, మందుల వల్ల ఎముక మజ్జలో పెరిగిన ఒక కణాల గుంపుది కావచ్చు. పుట్టుకతో వచ్చే టీపీ53 లోపం కుటుంబమంతటికీ సంబంధించిన పెద్ద వార్త కనుక, చర్మం నుంచి చిన్న ముక్క తీసి అందులోనూ ఉందో లేదో చూసిన తర్వాతే పిల్లలకు చెప్పాలి. చర్మంలో లేకపోతే పిల్లలకు భయం లేదు, కానీ పేషెంటు రక్తం మీద కన్నేసి ఉంచాలి.

మందులు మిగిల్చేది: రక్త క్యాన్సర్

చికిత్స వల్ల వచ్చే రెండో క్యాన్సర్లలో ముఖ్యమైనది అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, దానికి ముందు మెట్టైన మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ (మజ్జ సరైన రక్తకణాలు తయారు చేయలేని జబ్బు). ప్లాటినం మందులు డీఎన్‌ఏను అతికించి కణాన్ని చంపుతాయి. మజ్జలోని కొన్ని మూలకణాలు చావకుండా దెబ్బతిని బతికిపోతాయి, కొన్నేళ్లకు వాటిలో ఒకటి దారి తప్పుతుంది.

1999లో ట్రావిస్ బృందమే దీన్ని మోతాదుతో సహా లెక్కగట్టింది. సిస్‌ప్లాటిన్ మొత్తం మోతాదు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే లుకేమియా ముప్పు 1.9 రెట్లు, 500–749 మధ్య 2.1 రెట్లు, 750–999 మధ్య 4.1 రెట్లు, 1000 దాటితే 7.6 రెట్లు. రేడియేషన్ కూడా తోడైతే ఇంకా ఎక్కువ. ఇప్పటి పేషెంటు ఎక్కడ పడుతుందో చూద్దాం. ఒంటి ఉపరితలం 1.5 చదరపు మీటర్లున్న స్త్రీకి చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాముల చొప్పున సైకిల్‌కు 112 మిల్లీగ్రాములు, ఆరు సైకిళ్లకు దాదాపు 675. అంటే రెట్టింపు ముప్పు. మళ్లీ రెట్లు చూసి భయపడొద్దు: ఆర్నెల్లు సిస్‌ప్లాటిన్ చికిత్స తీసుకున్న 10,000 మందిలో పదేళ్లలో అదనంగా వచ్చే లుకేమియాలు సుమారు 21 అని అదే బృందం అంచనా వేసింది. ప్రాణం నిలబెట్టే మందును ఆ 21 కోసం వదులుకునే ప్రశ్నే లేదు. అయితే జబ్బు తిరగబెట్టి మరో ఆరు సైకిళ్లు, ఆ తర్వాత ఇంకో ఆరు అంటూ పోయినవాళ్లకు మొత్తం మోతాదు 1000 దాటుతుంది. లెక్క రాసిపెట్టుకోవాల్సింది అందుకే.

పార్ప్ మందులు ఈ చిత్రాన్ని కొంత మార్చాయి. ఓలాపారిబ్, నిరాపారిబ్ వంటివి కీమో తర్వాత జబ్బు తిరగబెట్టకుండా మాత్రల రూపంలో ఇస్తారు. మొదటిసారి చికిత్స తర్వాత రెండేళ్ల పాటు ఓలాపారిబ్ వాడిన సోలో1 ప్రయోగంలో ఈ రక్త జబ్బులు 1.5 శాతం మందికి వచ్చాయి. తిరగబెట్టిన జబ్బుకు వాడిన సోలో2లో ఓలాపారిబ్ వర్గంలో 8 శాతం, ఉత్తి మాత్ర వర్గంలో 4 శాతం. తేడా ఎందుకో స్పష్టమే: సోలో2లోని వాళ్లు అప్పటికే కనీసం రెండు విడతల ప్లాటినం తీసుకున్నవాళ్లు, పైగా మందు ఆపే గడువు లేకుండా వాడారు. కాబట్టి మొదటి విడతలో రెండేళ్లు నిండాక, స్కాన్‌లో ఏమీ లేకపోయినా ‘మంచిగా పనిచేస్తోంది కదా, ఇంకో ఏడాది వాడదాం’ అనుకోవడంలో మేలు కంటే కీడే ఎక్కువ.

ఈ మందులు వాడుతున్నంత కాలం నెలకోసారి సీబీపీ (రక్తకణాల లెక్క) తప్పనిసరి. నిరాపారిబ్‌కైతే మొదటి నెలలో వారానికోసారి. అందులో చూడాల్సింది హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ కలిసి పడిపోతూ ఉంటే, మందు ఆపి నాలుగు వారాలైనా కోలుకోకపోతే, ఎముక మజ్జ పరీక్ష చేసి క్రోమోజోములు కూడా చూడాలి. 5, 7 క్రోమోజోముల్లో ముక్కలు పోవడం ఈ రకం జబ్బుకు గుర్తు. రక్తం ఎక్కిస్తూ, ఇంజెక్షన్లతో నెట్టుకొస్తూ మూడు నెలలు గడపడం సాధారణంగా జరిగే తప్పు. అలాగని ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 100 దాటగానే హడావుడి కూడా అక్కర్లేదు. పార్ప్ మందులే దాన్ని పెంచుతాయి, బి12 లోపమూ పెంచుతుంది. శాకాహారుల్లో ముందు బి12 చూసుకోవడం తెలివైన పని.

యువతుల్లో వచ్చే జెర్మ్ సెల్ (అండాలుగా మారే కణాల్లో పుట్టే) రకానికి ఇచ్చే బీఈపీ (బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ కలిపిన) చికిత్సలో ఎటోపొసైడ్ ఉంటుంది. మూడు సైకిళ్లకు చదరపు మీటరుకు మొత్తం 1500 మిల్లీగ్రాములు. 2000 లోపు ఉన్నంతవరకు లుకేమియా ముప్పు ఒక శాతం లోపే. ఈ మందు తెచ్చే లుకేమియా రెండు మూడేళ్లలోనే, ముందస్తు సూచన లేకుండా వస్తుంది. ప్లాటినం, మెల్ఫలాన్ వంటివి తెచ్చేది అయిదేడేళ్లకు, మెల్లగా కణాలు తగ్గుతూ వస్తుంది.

రేడియేషన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అండాశయ క్యాన్సర్‌కు దాన్ని ఇప్పుడు అరుదుగా వాడుతున్నారు. 1990కి ముందు పొట్టకు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో మాత్రం పదేళ్లు దాటాక మూత్రాశయం, పెద్దపేగు, మలాశయాల మీద కన్నుండాలి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా దాన్ని మూత్ర ఇన్‌ఫెక్షన్ ఖాతాలో వేసేయకూడదు. పాత రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఎక్కువగా తీసుకున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

పొగాకు, అడ్డపొగ

క్యాన్సర్ ఒకసారి వచ్చిపోయింది కాబట్టి మిగతా క్యాన్సర్లు రావన్న హామీ ఏదీ లేదు. మామూలు స్త్రీకి ఏవి వస్తాయో అవన్నీ ఈమెకూ రావచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లదే. దానివల్ల అంగిలి మీద వచ్చే క్యాన్సర్ గురించి ఆంధ్ర వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. కీమో సమయంలో నోటిపూత సాధారణం కనుక, ఈ అలవాటున్నవాళ్ల అంగిలి పుండును మందుల ప్రభావమని తోసేసే ప్రమాదం ఉంది. మందు ఆపిన మూడు వారాలకీ మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఏదైనా బయాప్సీకి వెళ్లాల్సిందే.

గర్భసంచి విషయంలో ఒక స్పష్టత అవసరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. వీళ్లలో చాలామందికి ముఖద్వారం ఉంచారో తీశారో, అండాశయాలు ఒకటి తీశారో రెండూ తీశారో తెలియదు. ముఖద్వారంతో సహా తీసేసి, అంతకుముందు అక్కడ ఏ ముదురు మార్పులూ లేకపోతే, ముఖద్వారం కణాలు చూసే పాప్ పరీక్ష అవసరం లేదు. ముఖద్వారం ఉంటే పరీక్ష కొనసాగాలి. ఆ సమాధానం ఆపరేషన్ నోట్సులో ఉంటుంది, కుట్టు మచ్చ చూసి చెప్పలేరు. పిల్లలు కావాలని గర్భసంచిని ఉంచుకున్న యువతుల్లో గడ్డ గ్రాన్యులోసా సెల్ రకమైతే, అది ఈస్ట్రోజన్ తయారు చేస్తుంది కాబట్టి, గర్భసంచి లోపలి పొర ముక్క ఒకసారి తీసి చూడాలి.

ఏ పరీక్షలు దండగ

అయిదేళ్లు నిండాక ఆంకాలజిస్టు ఏడాదికోసారి రమ్మంటారు. జబ్బు తిరగబెట్టే భయం తగ్గిపోయే ఈ సమయంలోనే రెండో క్యాన్సర్ల వాటా పెరుగుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి చాలామంది చేసేది ఏటా పెట్ స్కాన్, ‘క్యాన్సర్ మార్కర్ల ప్యాకేజీ’. రెండింటి మీదా డబ్బు వృథా. సీఏ-125 అండాశయ క్యాన్సర్ తిరగబెట్టడాన్ని పసిగడుతుంది, కొత్త రొమ్ము, పేగు క్యాన్సర్లను తొలిదశలో పట్టుకోవడానికి పనికిరాదు. పెట్ స్కాన్‌కు వాడే చక్కెర మందు మూత్రం ద్వారా బయటకు పోతుంది కనుక మూత్రాశయం ఎలాగూ వెలిగిపోతుంది, అందులో గడ్డ దాగిపోతుంది. చిన్న పాలిప్‌లు, మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అందులో తేలవు. ఆ ఒక్క స్కాన్ ఖర్చుతో మామోగ్రామ్, మలంలో రక్తం పరీక్ష, నాలుగు సీబీపీలు వస్తాయి, ఇంకా మిగులుతుంది.

దగ్గర ఉండాల్సిన కాగితాలు

రెండో క్యాన్సర్ నిజంగా వస్తే దాని చికిత్స మొదటిదాని కాగితాల మీద ఆధారపడుతుంది. ఒక ఫైలులో ఇవి ఉండాలి: పూర్తి పాథాలజీ రిపోర్టు, అందులో ‘హై గ్రేడ్ సీరస్’ వంటి రకం పేరుతో సహా, ఆపరేషన్ నోట్సు, ప్రతి మందు పేరు, ప్రతి సైకిల్‌కు ఇచ్చిన మిల్లీగ్రాములు, జన్యు పరీక్ష రిపోర్టు మొత్తం పేజీలు, ఒక్క సారాంశం కాదు. డిశ్చార్జి సమ్మరీలో ‘ఆరు సైకిళ్లు కీమో’ అని మాత్రమే రాసి వదిలేస్తుంటారు. డే కేర్ చార్టు జిరాక్స్ అడిగి తీసుకోవాలి.

మిల్లీగ్రాములు ఎందుకంటే, రొమ్ము క్యాన్సర్‌కు కూడా ప్యాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ వాడతారు. మొదటిసారి ప్యాక్లిటాక్సెల్‌తో అరికాళ్లు మొద్దుబారి ఇప్పటికీ తగ్గకపోతే అదే మందు మళ్లీ ఎక్కించడం కష్టం. కార్బోప్లాటిన్ ఎలర్జీ మొదటి విడతలో అరుదు, రెండో విడతలో, సుమారు ఎనిమిదో సైకిల్ దగ్గర, అరచేతుల దురద, ముఖం ఎర్రబడటంతో మొదలై ఒక్కసారిగా బీపీ పడిపోయే దాకా పోవచ్చు. ఇప్పటికి ఎన్ని సైకిళ్లయ్యాయో కొత్త ఆస్పత్రి నర్సుకు తెలిస్తే మందును నెమ్మదిగా ఎక్కిస్తూ పక్కనే నిలబడుతుంది.

జన్యు రిపోర్టు పిల్లలకూ, అక్కచెల్లెళ్లకూ, అన్నదమ్ములకూ కూడా పనికొస్తుంది. ప్రతి బిడ్డకూ, మగైనా ఆడైనా, లోపం వచ్చే అవకాశం సగానికి సగం. లోపం తేలిన ఆడవాళ్లు పిల్లలు పుట్టాక, బ్రాకా1 అయితే 35–40 మధ్య, బ్రాకా2 అయితే 40–45 మధ్య అండాశయాలు, నాళాలు తీయించుకుంటే ఆ క్యాన్సర్ ముప్పు చాలావరకు పోతుంది. మేనరికాలున్న కుటుంబాల్లో ఇంకో కోణం ఉంది. బ్రాకా2 లోపం తాతమ్మల నుంచి రెండు వైపులా దిగి, భార్యాభర్తలిద్దరికీ ఉంటే, వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశంతో ఫాంకోని అనీమియా అనే తీవ్రమైన రక్త జబ్బు రావచ్చు. పెళ్లి సంబంధం మేనమామతోనో, మేనబావతోనో అనుకుంటున్న ఇంట్లో బ్రాకా2 రిపోర్టు ఉంటే, ముహూర్తాలు పెట్టుకునే ముందే అబ్బాయికి కూడా అదే ఒక్క మార్పు కోసం రక్తపరీక్ష చేయించవచ్చు. వెతకాల్సింది తెలిసిన ఒక్క మార్పునే కాబట్టి పూర్తి జన్యు ప్యానెల్‌తో పోలిస్తే దానికి ఖర్చు తక్కువ.